పెద్ద అంకె, చిన్న పాట

మా అక్కయ్యగారి ఊరు గుడివాడ దగ్గర ఒక పల్లె. మా బావగారికి పౌరాణిక నాటక పద్యాలంటే ప్రాణం. కృష్ణరాయబారం పద్యాలు మొదలయ్యాయంటే ఆయనకు అన్నం కూడా గుర్తుండదు. వాళ్ళబ్బాయి, అంటే నా మేనల్లుడు, పోయిన సంవత్సరం పదేళ్ళ పాత కారు ఒకటి కొన్నాడు. బావగారికి ముందు సీటులో ఎడమవైపు చోటు. బండి కదిలితే చాలు, పద్యం కదలాలి.

కాని వచ్చిన చిక్కల్లా ఎడమ తలుపులోని స్పీకరుతోనే. పద్యం మంద్రంగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. రాగం పైకి లేచిందా, గొంతులో ఈగ పడినట్టు ఒకటే గరగర! "ఒరే అబ్బాయీ, రాగం వినిపిస్తోంది గాని మాట వినిపించడం లేదురా. పద్యానికి మాటే గదా ప్రాణం!" అనేవారాయన.

కొడుకు మనసు కష్టపడింది. మొదటి తారీఖు రాగానే పట్నం వెళ్ళి, ముందు తలుపులకు కొత్త స్పీకర్ల జత కొన్నాడు. అట్టపెట్టె మీద బొమ్మకన్నా పెద్ద అక్షరాలతో '600 వాట్లు' అని ఉంది. దుకాణంలోనే అరగంటలో బిగించి ఇచ్చారు. తండ్రిని కూర్చోబెట్టి ఉత్సాహంగా మీట నొక్కాడు.

గరగర పోయిన మాట నిజమే. కాని మూడు కొత్త కష్టాలు వచ్చాయి. మొదటిది, పాతవాటికన్నా పాట చిన్నగా వినిపిస్తోంది. రెండవది, ఎడమ తలుపు అద్దం సగం దాకా దిగి ఆగిపోతోంది. మూడవది, బావగారికి మాట ఇంకా స్పష్టంగా అందడం లేదు.

"600 వాట్లు పెట్టినా ఇంతేనా మామయ్యా? మీరు సైన్సు మేష్టారు గదా, చూడండి. దుకాణం అతను వారంలోగా ఒక్కసారి మాత్రం మార్చి ఇస్తానన్నాడు" అన్నాడు మేనల్లుడు నాతో. ఈసారి కూడా తప్పు ఎంచుకుంటే నెల జీతంలో ఒక భాగం నీటిలో పోసినట్టే. నేను మల్టీమీటరు, అడుగు స్కేలు సంచిలో వేసుకుని బయలుదేరాను. అక్కడ మాకు పనికివచ్చిన సైన్సులో కొంత మీ పదవ తరగతి పుస్తకంలో ఉన్నదే. అందుకే ఈ కథ మీకు చెబుతున్నాను.

స్పీకరు లోపల ఏముంది?

గరగరలాడిన పాత స్పీకరును ముందుగా విప్పి చూశాం. వెనుక గుండ్రని శాశ్వత అయస్కాంతం. దాని నడుమ సన్నని కంత. ఆ కంతలో, గోడలకు తగలకుండా వేలాడుతూ సన్నని రాగితీగ చుట్ట. ఆ చుట్టను అంటుకుని గరాటు ఆకారంలో ఒక కాగితపు శంకువు. శంకువు అంచును చట్రానికి కలుపుతూ మెత్తని పట్టీ ఒకటి.

అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగలో విద్యుత్తు ప్రవహిస్తే తీగ మీద బలం పనిచేస్తుందని చదువుకున్నారు గదా! స్టీరియో నుంచి వచ్చే విద్యుత్తు పాటకు అనుగుణంగా అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఆ ప్రకారమే తీగచుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానితో శంకువు, శంకువుతో గాలి. అదే మనకు వినిపించే ధ్వని. చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఈ రకం స్పీకరును 1925లో తీర్చిదిద్దారు. నేటికీ చాలా స్పీకర్లు ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి.

మా పాత స్పీకరులో శంకువు బాగానే ఉంది. అంచు పట్టీ మాత్రం వేలితో తాకితే చాలు, పిండిలా రాలిపోయింది. అది నురుగు పదార్థంతో చేసినది. ఎండకు కాగి, వాన తేమకు నాని, పదేళ్ళలో కుళ్ళిపోయింది. పట్టు తప్పిన శంకువు పక్కకు ఒరిగినప్పుడల్లా తీగచుట్ట అయస్కాంతపు గోడకు రాసుకుంటోంది. బావగారి చెవిలోని ఈగ ఇదే! అందుకే కొత్తది ఎంచుకునేటప్పుడు అంచు రబ్బరుదీ, శంకువు నీటికి నానని పదార్థానిదీ అయితే మంచిది. కారు తలుపు లోపల వాన నీరు దిగుతుందని చాలామందికి తెలియదు. అద్దం మీద నుంచి జారిన నీరు తలుపు లోపలికి వెళ్ళి, అడుగున ఉండే కంతల గుండా బయటకు పోతుంది.

600 వాట్లు ఎక్కడివి?

ఇక అట్టపెట్టె మీది పెద్ద అంకె సంగతి. వాట్లు స్పీకరు ఇచ్చేవి కావు, స్పీకరు భరించగలిగేవి. బిందె ఎంత పెద్దదైనా కుళాయి వదిలినంత నీరే గదా అందులో పడేది! స్పీకరు బిందె అయితే స్టీరియో కుళాయి. మరి ఆ కుళాయి ఎంత ఇవ్వగలదు? లెక్క వేద్దాం.

కారు బాటరీ 12 వోల్టులది. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14.4 వోల్టులు ఉంటుందనుకుందాం. స్టీరియోలోని ఆంప్లిఫయరు స్పీకరు రెండు చివరలనూ ఎదురెదురుగా ఊపుతుంది. అందువల్ల ఒకసారి ఇటు 14.4, మరొకసారి అటు 14.4 వోల్టుల దాకా ఇవ్వగలదు. అంతకు మించి ఇవ్వడం దాని తరం కాదు. అలా మారే వోల్టేజికి ఆర్.ఎం.ఎస్. విలువ కావాలంటే గరిష్ఠ విలువను 1.414తో భాగించాలి. 14.4 ÷ 1.414 = సుమారు 10.2 వోల్టులు.

కారు స్పీకర్లు సాధారణంగా 4 ఓములవి. సామర్థ్యం = వోల్టేజి వర్గం ÷ నిరోధం. అంటే 10.2 × 10.2 ÷ 4 = సుమారు 26 వాట్లు. ఇది కూడా నష్టాలేమీ లేకపోతే! నిజానికి ఒక్కొక్క స్పీకరుకు శుభ్రంగా అందేది 15 నుంచి 20 వాట్లు.

"మరి స్టీరియో ముందు పలక మీద '50 వాట్లు × 4' అని ఉందేమిటి మామయ్యా?" అన్నాడు మేనల్లుడు. మంచి ప్రశ్న. 14.4 × 14.4 ÷ 4 ఎంతో చూడమన్నాను. 51.84 వచ్చింది! అంటే గుండ్రని అలలా రావలసిన వోల్టేజి, శిఖరాలు తెగి, గోడలా నిటారుగా అటూ ఇటూ దూకుతుంటే వచ్చే సామర్థ్యమన్నమాట. అప్పుడు వినిపించేది పద్యం కాదు, బొంగురుపోయిన రొద. మీట చివరిదాకా తిప్పినప్పుడు పాట చెడిపోయి వినిపించేది అందుకే.

ఇంకొక లెక్క మీకే వదిలేస్తాను. 4 ఓముల స్పీకరులోకి 600 వాట్లు పంపాలంటే ఎన్ని వోల్టులు కావాలి? 600 × 4 = 2400. దాని వర్గమూలం సుమారు 49. వోల్టేజిని పెంచి ఇచ్చే వేరే ఆంప్లిఫయరు పెడితే తప్ప 14.4 వోల్టుల కారులో 49 వోల్టులు ఎక్కడినుంచి వస్తాయి?

అట్టపెట్టెను తిప్పి చూస్తే వెనుక చిన్న అక్షరాలలో 'ఆర్.ఎం.ఎస్. 100 వాట్లు' అని ఉంది. 600 అన్నది ఒక్క క్షణం తట్టుకోగల దెబ్బ. 100 అన్నది నిలకడగా మోయగల బరువు. నమ్మదగినది ఈ రెండవ అంకె. అదైనా మా స్టీరియోకు అవసరానికి మించినదే.

చూడవలసిన అంకె

సరే, అందేది 15 వాట్లే. పాత స్పీకరుకూ అంతే అందింది. మరి అది పెద్దగా ఎందుకు పలికింది?

స్పీకరు ఎంత బద్ధకస్థురాలో వింటే మీరు ఆశ్చర్యపోతారు. దానికి ఇచ్చిన విద్యుచ్ఛక్తిలో ధ్వనిగా మారేది సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. మిగిలినదంతా తీగచుట్టలో వేడిగా పోతుంది. కాబట్టి ఆ ఒక్క పాలులో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్నదే ముఖ్యం. దీనిని తెలిపే అంకెను 'సెన్సిటివిటీ' అంటారు. సున్నితత్వం అనుకోండి. స్పీకరుకు 1 వాటు ఇచ్చి, 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వస్తుందో కొలిచి చెబుతారు.

డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 3 డెసిబెల్‌లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 డెసిబెల్‌లు పెరగాలంటే పది రెట్లు కావాలి. మేనల్లుడు కొన్నదాని సున్నితత్వం 86 డెసిబెల్‌లు. ఎక్కువ వాట్లు భరించడం కోసం దాని తీగచుట్టనూ శంకువునూ బరువుగా చేశారు. బరువైనదాన్ని కదిలించాలంటే ఎక్కువ బలం కావాలి గదా! పాతదాని శంకువు పల్చని కాగితం, తేలిక. అందువల్ల కొద్దిపాటి విద్యుత్తుకే గట్టిగా పలికింది.

ఇప్పుడు 91 డెసిబెల్‌ల స్పీకరు ఒకటి తీసుకుందాం. తేడా 5 డెసిబెల్‌లు, అంటే సామర్థ్యంలో సుమారు మూడు రెట్లు. 86 డెసిబెల్‌ల స్పీకరు 15 వాట్లు తిని పలికేంత ధ్వనిని ఇది 5 వాట్లకే పలుకుతుంది. స్టీరియోతోనే నడిపేవారు పెద్ద వాట్ల వెంట పడక, ఎక్కువ సున్నితత్వం ఉన్నది ఎంచుకోవాలి.

ఇక్కడా ఒక మెలిక ఉంది సుమా! కొందరు తయారీదారులు '1 వాటు' అనకుండా '2.83 వోల్టులు' దగ్గర కొలిచామని రాస్తారు. 2.83 వర్గం 8. స్పీకరు 8 ఓములదైతే 8 ÷ 8 = 1 వాటు, సరిపోయింది. కాని 4 ఓములదైతే 8 ÷ 4 = 2 వాట్లు! రెట్టింపు తిండి పెట్టి కొలిచారన్నమాట. అప్పుడు ఆ అంకెలోనుంచి 3 తీసేసి, మిగతావాటితో పోల్చాలి.

నాలుగు ఓములా, రెండు ఓములా?

పాత స్పీకరు వెనుక కాగితం చిరిగి, ఎన్ని ఓములదో తెలియలేదు. మల్టీమీటరు పెడితే 3.5 చూపింది. "4 ఉండాలి గదా?" అన్నాడు మేనల్లుడు. మీటరు కొలిచేది ఏకముఖ విద్యుత్తుకు తీగ చూపే నిరోధం మాత్రమే. పాటలోని విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు. దానికి తీగచుట్ట మరికొంత ఎక్కువ అడ్డు చెబుతుంది. ఈ మొత్తం అడ్డునే ఇంపెడెన్స్ అంటారు. కాబట్టి మీటరు మీద మూడున్నరకు అటూ ఇటూగా చూపితే అది 4 ఓముల స్పీకరే.

అన్ని కార్లలోనూ 4 ఓములే ఉంటాయన్న నియమం లేదు. ఉన్నదేదో కొలిచి, దానికి సరిపడేదే తేవాలి. 4 ఓములకు తయారైన స్టీరియోకు 2 ఓముల స్పీకరు తగిలిస్తే ఏమవుతుందో ఓమ్ నియమమే చెబుతుంది. 10.2 ÷ 4 = 2.55 ఆంపియర్లు. 10.2 ÷ 2 = 5.1 ఆంపియర్లు. ప్రవాహం రెట్టింపు! స్టీరియో వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. 8 ఓములది పెడితే ప్రమాదం లేదు గాని సామర్థ్యం సగానికి పడిపోతుంది.

అద్దం ఎందుకు ఆగింది?

దీనికి స్కేలు చాలు. తలుపు లోపలి అట్ట ఊడదీసి, స్పీకరు తీసి, అద్దాన్ని పూర్తిగా కిందికి దింపాం. ఆ కంతలోనుంచి స్కేలును మెల్లగా అద్దానికి తగిలేదాకా దూర్చాం. రేకు నుంచి అద్దం దాకా 60 మిల్లీమీటర్లు. కొత్త స్పీకరు లోతు 68! దిగే అద్దం వెళ్ళి అయస్కాంతం నెత్తిన కూర్చుంటోంది. బలవంతంగా దించి ఉంటే అద్దమే పగిలేది.

స్పీకర్లను 4 అంగుళాలు, ఆరున్నర అంగుళాలు అని పిలుస్తారు. ఆ పేరు చూసి కొంటే చాలదు. కంత వ్యాసం, మరల మధ్య దూరం, వెనుక లోతు, ముందు ఎత్తు ఈ నాలుగూ కొలవాలి. ముందు ఎత్తు ఎందుకంటే, కొన్ని స్పీకర్ల నడుమ బుడిపెలాంటి చిన్న స్పీకరు ముందుకు పొడుచుకు వచ్చి తలుపు జాలీకి తగులుతుంది. పనిముట్టు దగ్గర లేకపోతే అట్టముక్కను కంత ఆకారంలో కత్తిరించి దుకాణానికి పట్టుకువెళ్ళినా చాలు.

మాట ఎక్కడికి పోయింది?

ఇక బావగారి అసలు బాధ. రాగం వినిపించి మాట వినిపించకపోవడం ఏమిటి?

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగ దైర్ఘ్యం వస్తుంది. 100 హెర్ట్‌జ్ మంద్రస్వరం తరంగ దైర్ఘ్యం 3.4 మీటర్లు. 5000 హెర్ట్‌జ్ దగ్గర అది 6.8 సెంటీమీటర్లే. స్పీకరు కన్నా చాలా పొడవైన తరంగం అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. స్పీకరు కన్నా పొట్టిదైన తరంగం టార్చిలైటు కాంతిలా తిన్నగా ముందుకే పోతుంది.

కారు తలుపులో స్పీకరు ఎక్కడుంటుంది? అడుగున, మన పిక్కలకు ఎదురుగా. మంద్రస్వరాలు పరుచుకుని చెవిని చేరతాయి. సన్నని ధ్వనులు మాత్రం తిన్నగా కాళ్ళకేసి కొడతాయి. రాగమంతా చెవులకు, సొగసంతా మోకాళ్ళకు!

మాటకు స్పష్టత ఇచ్చేవి హల్లులు. 'శ', 'స' వంటి అక్షరాల సవ్వడి ఎక్కువగా రెండు మూడు వేల హెర్ట్‌జ్‌లకు పైనే ఉంటుంది. 'సరి' అన్నారో 'హరి' అన్నారో తేల్చేది ఆ సన్నని సవ్వడే. పైగా వయసు మళ్ళినవారి చెవులకు ముందుగా తగ్గేది ఆ సన్నని ధ్వనులను వినే శక్తే. ఇది తెలియక మనం "తాతయ్యకు చెవుడు" అని శబ్దం పెంచుతాం. ఆయనకు కావలసింది శబ్దం కాదు, స్పష్టత.

దీనికి మందు రెండు ముక్కల స్పీకరు. పెద్ద శంకువు తలుపులోనే ఉంటుంది. సుమారు 25 మిల్లీమీటర్ల చిన్న స్పీకరును వేరుగా, అద్దం మూల దగ్గర, చెవికి ఎదురుగా అమరుస్తారు. దీనిని 'ట్వీటర్' అంటారు. స్వరాలను పంచిపెట్టే చిన్న పెట్టె ఒకటి మంద్రస్వరాలను పెద్దదానికీ, తారస్వరాలను చిన్నదానికీ పంపుతుంది. రెండూ ఒకే చట్రంలో ఉండే రకం చవక, బిగించడం సులువు. డాష్‌బోర్డు మీద స్పీకరు చోటున్న కార్లకు అదీ బాగానే ఉంటుంది. తలుపు అడుగున పెట్టవలసి వస్తే మాత్రం విడివిడి రకమే మేలు.

మేము దుకాణానికి వెళ్ళి కావలసినవి చదివి వినిపించాం. ఆరున్నర అంగుళాలు, 4 ఓములు, లోతు 55 మిల్లీమీటర్లకు మించకూడదు, 1 వాటుకు 90 డెసిబెల్‌లకు పైన, రబ్బరు అంచు, ట్వీటర్ విడిగా. దుకాణం అతను మా వంక వింతగా చూసి, లోపలినుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. 60 వాట్లు ఆర్.ఎం.ఎస్., 91 డెసిబెల్‌లు, లోతు 54. 'వాట్లు తక్కువ' అని ఎవరూ కొనడం లేదట! వెల కూడా మొదటిదానికన్నా కొంచెం తక్కువే.

తలుపే పెట్టె

బిగించే ముందు మరొక పని ఉంది. శంకువు ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పల్చబడుతుంది. రెండు వైపులా తరంగాలు పుడతాయి గాని ఒకటి ఎగుడైతే మరొకటి దిగుడు. ఈ రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. పొడవైన మంద్ర తరంగాలు స్పీకరు అంచును సులువుగా చుట్టి వచ్చి కలుస్తాయి. వాటిని విడదీసే గోడ తలుపు రేకే.

దుకాణంలో మొదటిసారి బిగించినప్పుడు తలుపు లోపలి ప్లాస్టిక్ పొరను అడ్డంగా చింపేశారు. మేము దానిని సరిచేసి, రేకులోని పెద్ద కంతలను జిగురు రబ్బరు పలకలతో మూశాం. స్పీకరు చుట్టూ స్పాంజి పట్టీ వేసి సందు లేకుండా బిగించాం. తలుపు అడుగున నీరు పోయే కంతలను మాత్రం ముట్టుకోలేదు. వాటిని మూస్తే తలుపు తుప్పు పట్టిపోతుంది.

ఒక హెచ్చరిక. పని మొదలుపెట్టేముందు బాటరీ మైనస్ తీగ విప్పాలి. కొన్ని కార్లలో, పక్కనుంచి ఢీకొన్నప్పుడు ఎయిర్‌బాగును తెరిపించే పీడన సాధనం తలుపు లోపలే ఉంటుంది. అటువంటి కారు తలుపులో కొత్త కంతలు పెట్టడం, ఉన్నవాటిని మూయడం కూడదు. తెలిసినవారిని అడగనిదే ఆ పనికి పూనుకోకండి.

మేష్టారి తప్పు

అంతా బిగించి పాట పెట్టాం. మాట ముత్యంలా ఉంది. కాని మృదంగం లేదు! మేనల్లుడు నా ముఖం చూశాడు. నేను స్టీరియో ముఖం చూశాను.

ధ్వనిని పూర్తిగా కుడివైపుకు తిప్పితే మృదంగం వచ్చింది. ఎడమవైపుకు తిప్పినా వచ్చింది. రెండూ కలిస్తే మాయం! అప్పుడు తట్టింది. తీగ రంగును నమ్మి ఎడమ తలుపులో ప్లస్సును మైనస్సుకు కలిపాను. కుడి శంకువు ముందుకు వస్తుంటే ఎడమ శంకువు వెనక్కు పోతోంది. మంద్ర తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. ఎడమవైపు తీగలు తారుమారు చేయగానే మృదంగం తలుపు తట్టింది. రంగును నమ్మవద్దు, పరీక్షించి చూడమని ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి నేనే!

మీరూ ఒకటి చేసి చూడండి. పాత రేడియో స్పీకరు ఏదైనా తీసుకోండి. దానికి ఏ తీగా తగిలించి ఉండకూడదు. 1.5 వోల్టుల టార్చి సెల్లును దాని కొనలకు ఒక్క క్షణం తాకించండి. శంకువు ముందుకు కదిలితే సెల్లు ప్లస్ తగిలిన కొన స్పీకరు ప్లస్. వెనక్కు పోతే అది మైనస్. తరువాత అదే స్పీకరును రేడియోకు కలిపి, చట్రం లేకుండా పాట వినండి. పిమ్మట 60 సెంటీమీటర్ల అట్టలో శంకువంత కంత చేసి, స్పీకరును దానికి బిగించి మళ్ళీ వినండి. రేడియోను ముట్టుకోకుండానే డోలు దెబ్బ ఎలా పెరుగుతుందో మీకే తెలుస్తుంది.

చివరగా

మరునాడు బావగారిని కూర్చోబెట్టి బందరు రోడ్డు మీద తీసుకుపోయాం. రెండు పద్యాలు అయ్యేదాకా ఆయన మాట్లాడలేదు. తరువాత, "ఒరే, ఇప్పుడు మాట వినిపిస్తోందిరా. కొంచెం తగ్గించు" అన్నారు. నేను చూస్తుండగా ఆయన శబ్దం తగ్గించమనడం అదే మొదటిసారి.

ఆ 'కొంచెం తగ్గించు' అన్న మాట మీరు కూడా గుర్తుంచుకోండి. పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్‌ల దాకా, పిల్లలకు 75 దాకా వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపైన 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి. పెద్దలకు 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. స్పీకరు అంచు కుళ్ళితే దుకాణంలో కొత్తది దొరుకుతుంది. చెవి లోపల చెడిన కణాలు తిరిగి మొలవవు. పైగా వెనుక వచ్చే అంబులెన్సు కూత మన పాటలో కలిసిపోకూడదు గదా!

మీ ఇంట్లో ఎవరైనా కారు స్పీకర్లు కొనబోతుంటే ఈ వరస రాసి చేతికివ్వండి: ముందు కంతనూ లోతునూ కొలవాలి. పాతది ఎన్ని ఓములదో చూడాలి. ఆర్.ఎం.ఎస్. వాట్లు చదవాలి. సున్నితత్వం ఎంతో, ఎన్ని వాట్ల దగ్గర కొలిచారో అడగాలి. ట్వీటర్ చెవికి ఎదురుగా ఉండేలా చూసుకోవాలి. తలుపు సందులు మూయాలి. ప్లస్సు, మైనస్సు పరీక్షించాలి. పెట్టె ముందు వైపు ఉన్న పెద్ద అంకెను ఆఖరున, తీరిక ఉంటే చదువుకోవచ్చు.